హేబియస్ పిటిషన్ కొట్టేశాక అప్పీలుకు వెళ్లాలన్నా అనుమతి కావాలా?

కృష్ణలంక సుధ:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక, పదమూడేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. నాలుగేళ్ల నుంచి శనివారాలు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు వెళ్తున్నాను. జైళ్ల నుంచి ఖైదీలు రాసే ఉత్తరాలు చదవడం, వాళ్ల కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందో చూడటం, అవసరమైన ఫారాలు పంపడం మా పని. నేను లాయర్‌ని కాదు. మేము రాసే ప్రతి జవాబూ ఒక లాయర్ గారు చూశాకే బయటికి వెళ్తుంది.

పోయిన శనివారం ఒక ఉత్తరం వచ్చింది. పసుపు రంగు గీతల కాగితం, రెండు వైపులా రాత. పెన్ను ఎంత గట్టిగా నొక్కి రాశాడో, పేజీ తిరగేసి వేలు పెడితే అక్షరాలు తగులుతున్నాయి. కోర్టు ఆర్డరు కాపీ జత చేశాడు. 31 పేజీల ఆర్డరు. 30 పేజీలు అతని పిటిషన్ ఎందుకు నిలబడదో చెబుతాయి. చివరి పేజీలో చివరి వాక్యం, సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ ఇవ్వడం లేదని. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి, మార్జిన్‌లో రాశాడు: "అంటే నాకు అప్పీలు లేదనా?"

ఆ ప్రశ్నే ఇక్కడ పెడదామని వచ్చాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో శిక్ష పడ్డ మనిషికి మామూలు అప్పీళ్లన్నీ అయిపోయాక మిగిలే దారి ఫెడరల్ కోర్టులో హేబియస్ కార్పస్. రాష్ట్ర కోర్టు శిక్ష వేస్తే సెక్షన్ 2254 కింద పిటిషన్, ఫెడరల్ కోర్టే వేస్తే సెక్షన్ 2255 కింద మోషన్. నేను చేశానా చేయలేదా అన్నది కాదు ఇక్కడ ముఖ్యం. నన్ను దోషిగా తేల్చిన తీరు రాజ్యాంగానికి విరుద్ధం అని చూపించాలి. ప్రాసిక్యూటర్ సాక్ష్యం దాచాడు, నా లాయర్ కేసు గాలికొదిలేశాడు, జ్యూరీని రంగు చూసి ఏరారు, ఇలాంటివి. ఈ దశలో ప్రభుత్వం లాయర్‌ని ఇచ్చి తీరాలన్న రాజ్యాంగ హక్కు లేదు. మరణశిక్ష కేసులు వదిలేస్తే ఎక్కువమంది సొంతంగా, చేత్తో రాసుకుంటారు.

డిస్ట్రిక్ట్ జడ్జి దాన్ని కొట్టేస్తే నేరుగా సర్క్యూట్ కోర్టుకు, అంటే ఫెడరల్ అప్పీలు కోర్టుకు, వెళ్లడానికి వీల్లేదు. ముందు సర్టిఫికెట్ కావాలి. రాజ్యాంగ హక్కు దెబ్బతిన్నదని గట్టిగా కనిపించేలా చూపిస్తేనే అది ఇస్తారు. ఓక్లహోమా సిటీ బాంబు దాడిలో 168 మంది చనిపోయిన మరుసటి ఏడాది, 1996 ఏప్రిల్‌లో క్లింటన్ సంతకం చేసిన చట్టం దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది. అసలు సంగతేమిటంటే, ఈ సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అని మొదట తేల్చేది పిటిషన్‌ని కొట్టేసిన జడ్జిగారే. నా తీర్పు మీద సందేహపడొచ్చా అని ఆయనే తనను తాను అడుగుకోవాలి. ఆయన వద్దంటే సర్క్యూట్ కోర్టును అడగొచ్చు. అక్కడ చాలాసార్లు వచ్చే జవాబు ఒకటి రెండు వాక్యాలు. కారణం ఉండదు.

ఇదే కేసులో ఖైదీ గెలిచి ప్రభుత్వం ఓడిందనుకోండి. ప్రభుత్వానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. అప్పీలు రూల్స్‌లోనే ఆ మాట రాసుంది.

ఈ సర్టిఫికెట్ పద్ధతి తీసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

జ్యూరర్ నం. 7:

సుధ గారూ, మీరు చేసే పని మీద నాకు గౌరవం ఉంది. కానీ తీసేయాలన్న మాటతో ఏకీభవించలేను.

నేను టెక్సాస్‌లో ఉంటాను. సిటిజన్‌షిప్ వచ్చిన మూడో ఏట జ్యూరీ సమన్లు వచ్చాయి. హత్య కేసు, తొమ్మిది రోజులు కూర్చున్నాను. చనిపోయిన అబ్బాయి తల్లి రోజూ మొదటి వరసలో ఒకే సీట్లో కూర్చునేది. చేతిలో ఒక కర్చీఫ్, దాన్ని మడత పెట్టి విప్పి మళ్లీ మడత పెట్టేది. తీర్పు చదివిన రోజు ఆమె ఏడవలేదు. బయట కారిడార్‌లో ప్రాసిక్యూటర్‌ని ఒక్కటే అడిగింది, "ఇక అయిపోయినట్టేనా?" అని.

ఆయన అవునని చెప్పలేకపోయాడు. ఎందుకో నాకు తర్వాత చదువుకుంటే తెలిసింది. ట్రయల్ తర్వాత అప్పీలు. దాని తర్వాత రాష్ట్ర అత్యున్నత కోర్టు. ఆ తర్వాత రాష్ట్రంలోనే ఇంకో రకం హేబియస్. ఆ తర్వాత ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు. మీరు చెప్పే సర్టిఫికెట్ వచ్చేది ఇవన్నీ దాటాక. అప్పటికి ఎంతమంది జడ్జీలు ఆ ఫైలు చూసుంటారు! అన్ని గడపలు దాటినవాడిని ఆరో గడప దగ్గర, నీ దగ్గర కొత్తగా చెప్పడానికి ఏముందని అడిగితే తప్పేంటి?

2007లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు ఈ పిటిషన్ల మీద పెద్ద అధ్యయనం చేశారు. మరణశిక్ష లేని కేసుల్లో వెయ్యికి మూడో నాలుగో పిటిషన్లు నెగ్గాయి, అంతే. మిగతా తొమ్మిది వందల తొంభై చిల్లరా మూడేసి జడ్జీల ముందు పూర్తి విచారణకు వెళ్తే, ఆ నాలుగు నిజమైన కేసుల వంతు ఎప్పుడొస్తుంది? వడపోత లేకపోతే అందులో నష్టపోయేది నిజంగా అన్యాయం జరిగినవాడే. ఆ తల్లి సంగతి సరేసరి.

హన్మకొండ వకీలు:

నేను ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్నాను. అమెరికా చట్టం నా వృత్తి కాదు, చదివి తెలుసుకున్నంతే. మన దగ్గర హేబియస్ కార్పస్ అంటే జనానికి తెలిసింది వేరు కాబట్టి ముందు ఆ ముడి విప్పుతాను.

మనకు హేబియస్ అంటే పోలీసులు రాత్రి ఎత్తుకెళ్లిన మనిషిని కోర్టులో హాజరుపరచమనడం. లేదా కూతురు ఎవరితోనో వెళ్లిపోయిందని తండ్రి హైకోర్టులో వేసే పిటిషన్. అధికారం ఉన్న కోర్టు విచారించి శిక్ష వేసినవాడు హేబియస్ వేస్తే మన హైకోర్టు ఒప్పుకోదు, అప్పీలు ఉందిగా అంటుంది. అమెరికాలో ఆ రిట్టే శిక్ష పడ్డాక వాడే ఆయుధం అయింది. అందుకని రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడానికి లేదు.

అయినా సుధమ్మ చివర్లో చెప్పిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ఖైదీకి అనుమతి కావాలి, ప్రభుత్వానికి అక్కర్లేదు. మన చట్టం ఇక్కడ సరిగ్గా తలకిందులుగా ఉంది. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే దోషి హైకోర్టుకు హక్కుగా వెళ్తాడు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే కోర్టు నిర్దోషి అని వదిలేస్తే, ప్రభుత్వం హైకోర్టులో అప్పీలు వేయడానికి ముందు లీవ్, అంటే కోర్టు అనుమతి, అడగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 378, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 419. ఒకసారి నిర్దోషి అని తేలినవాడిని మళ్లీ బోనెక్కించే ముందు ప్రభుత్వం కాస్త ఆలోచించుకోవాలని దాని ఉద్దేశం. అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ల ముందే గేటు పెట్టారు.

హక్కుగా వచ్చే అప్పీలు ఏం చేయగలదో మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2007 నాటి విజయవాడ హాస్టల్ హత్య కేసు గుర్తుంది కదా. 2010లో కింది కోర్టు నిందితుడైన యువకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు సాక్ష్యాలన్నీ మళ్లీ చదివి నిర్దోషి అని వదిలేసింది, ప్రభుత్వం లక్ష రూపాయలు ఇవ్వాలంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. ఆ అప్పీలుకు ముందు, నీ కేసులో దమ్ముందో లేదో మేము మొదట తేలుస్తాం, అప్పుడు వింటాం అని ఎవరైనా అని ఉంటే ఏమయ్యేది?

జ్యూరర్ నం. 7:

వకీలు గారూ, మీరన్న కేసు మొదటి అప్పీలు. అమెరికాలోనూ మొదటి అప్పీలుకు సర్టిఫికెట్ అక్కర్లేదు, దాదాపు అన్ని రాష్ట్రాల్లో హక్కుగానే వెళ్లొచ్చు. సాక్ష్యాలు మళ్లీ చదివేది అక్కడే. మనం మాట్లాడుతున్నది దాని తర్వాత నాలుగు మెట్లు ఎక్కాక వచ్చేదాని గురించి. మీ దగ్గరా సుప్రీంకోర్టుకు ఎస్‌ఎల్‌పీ (ప్రత్యేక అనుమతి పిటిషన్) వేస్తే ముందు లీవ్ ఇవ్వాలి కదా? అక్కడ 'డిస్మిస్డ్' అన్న ఒక్క మాటతో ఎన్ని పోవడం లేదు?

హన్మకొండ వకీలు:

నిజం. ఒప్పుకుంటున్నాను. ఢిల్లీ వెళ్లి, గంటల తరబడి కూర్చుని, రెండు నిమిషాల్లో బయటికి వచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. క్లయింటుకు ఫోన్ చేసి ఎందుకు కొట్టేశారో చెప్పలేకపోవడం ఎంత బాధో నాకు తెలుసు. కాబట్టి ఎక్కడో ఒక దగ్గర వడపోత ఉంటుంది. వడపోత పేరుతో తీర్పే ఇచ్చేస్తున్నారా అన్నదే నా అనుమానం. దాని మీద ఎవరైనా చెప్పండి.

కర్నూలు లా స్టూడెంట్:

నేను చెప్తాను సార్. కంపారెటివ్ లా పేపర్ కోసం ఆరు నెలలుగా ఈ కేసులే చదువుతున్నాను.

మొదట ఒక చిన్న సవరణ. ఇది 1996లో పుట్టింది కాదు. 1908లోనే కాంగ్రెస్ ఇలాంటి సర్టిఫికెట్ పెట్టింది, ఉరిశిక్షను చివరి నిమిషంలో ఆపడానికి పసలేని అప్పీళ్లు వేస్తున్నారని. అప్పట్లో అది రాష్ట్ర ఖైదీలకే. 1996 చట్టం 2255 కింద వచ్చే ఫెడరల్ ఖైదీలనూ అందులోకి లాగింది.

ఇక వకీలు సార్ అడిగింది. సుప్రీంకోర్టు చెప్పిన పరీక్ష పెద్ద కష్టమైనది కాదు. ఖైదీ గెలుస్తాడని చూపించక్కర్లేదు. ఆలోచించగల జడ్జీలు ఈ విషయం మీద రెండు రకాలుగా వాదించుకునే అవకాశం ఉందా అన్నదొక్కటే చూడాలి. లోతుగా అసలు కేసు బలాబలాల్లోకి వెళ్లకుండా, పైపైన చూసి చెప్పాలి. కాగితం మీద బాగుంది. జరిగింది చూడండి.

మిల్లర్-ఎల్ అని డాలస్ ఖైదీ, నల్లజాతివాడు. 1985లో ఒక హోటల్ దోపిడీలో ఇద్దరు ఉద్యోగులను కట్టేసి కాల్చారు, ఒకరు చనిపోయారు, ఇంకొకరికి పక్షవాతం వచ్చింది. ఘోరమైన నేరం, అందులో రెండో మాట లేదు. ట్రయల్‌లో జ్యూరీకి అర్హులైన నల్లజాతివాళ్లు 11 మంది మిగిలితే ప్రాసిక్యూటర్లు 10 మందిని తీసేశారు. మైనారిటీలను జ్యూరీల్లోకి రానివ్వకూడదని ఆ ఆఫీసులో గతంలో రాతపూర్వక శిక్షణ కాగితాలు కూడా ఉండేవి. ఇంత ఉన్నా టెక్సాస్ అప్పీళ్లు చూసే ఫిఫ్త్ సర్క్యూట్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. అంటే ఇందులో వాదించుకోవడానికే ఏమీ లేదని. 2003లో సుప్రీంకోర్టు 8-1తో ఆ కోర్టును తప్పుపట్టింది. 2005లో కేసు మళ్లీ పైకి వచ్చినప్పుడు 6-3తో అతనే గెలిచాడు.

2004లో టెనార్డ్ కేసు. మళ్లీ టెక్సాస్, మళ్లీ అదే సర్క్యూట్, అదే తప్పు. ఈసారి 67 ఐక్యూ ఉన్న ఖైదీ.

2017లో బక్ కేసు. హ్యూస్టన్‌లో ఇద్దరిని చంపాడు. టెక్సాస్‌లో మరణశిక్ష వేయాలంటే ఇతను ముందుముందు కూడా ప్రమాదకరమని జ్యూరీ నమ్మాలి. బక్ సొంత లాయరే ఒక సైకాలజిస్టును సాక్షిగా పిలిచాడు. ఆ సైకాలజిస్టు బోనులో నిలబడి, నల్లజాతి కావడం ప్రమాదాన్ని పెంచే అంశమన్నాడు. డిఫెన్సు సాక్షే! దాని మీద సర్టిఫికెట్ ఇవ్వడానికి ఫిఫ్త్ సర్క్యూట్‌కు మనసొప్పలేదు. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాసిన తీర్పు 6-2. ఆయన చెప్పిందేమిటంటే, ఆ కోర్టు సరైన మాటలే వాడింది గానీ, అసలు కేసు గెలుస్తుందా లేదా అన్నది ముందే తేల్చేసుకుని, దాని నుంచి వెనక్కి నడిచి, వాదించడానికి ఏమీ లేదని చెప్పిందని. వకీలు సార్ అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు. ఆ ఏడాదే బక్ మరణశిక్ష పోయి యావజ్జీవం అయింది.

జ్యూరర్ నం. 7:

తమ్ముడూ, బాగా చదివావు. బక్ కేసు గురించి నాకు ఇంత వివరంగా తెలియదు. ఆ సాక్ష్యం విన్న జ్యూరీలో నేనుంటే ఏం చేసేవాడినో అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. తెల్లకోటు, డిగ్రీలు, డిఫెన్సు వాళ్లే పిలిచిన నిపుణుడు. నమ్మేవాడినేమో.

కానీ ఇక్కడ ఒకటి చూడు. ఈ మూడింట్లోనూ సుప్రీంకోర్టు కలగజేసుకుని సరిచేసింది. తప్పు జరిగినా దిద్దుకునే దారి ఉందనే కదా అర్థం? ఒక సర్క్యూట్ పదే పదే తప్పు చేసిందని దేశం మొత్తం మీద వడపోత తీసేయమనడం సబబేనా?

కృష్ణలంక సుధ:

సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లు కాబట్టి వాళ్ల పేర్లు మనకు తెలిశాయండీ. మరణశిక్ష కేసులకు లాయర్లు ఉంటారు, పెద్ద సంస్థలు వెనక నిలబడతాయి. నా దగ్గరికి వచ్చే ఉత్తరాలు ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు శిక్ష పడ్డవాళ్లవి. వాళ్ల కోసం ఎవరూ వాషింగ్టన్ వెళ్లరు.

వెళ్లినా అన్నీ దిద్దుబాటు కావు. జార్జియాలో థార్ప్ అనే ఖైదీ కేసు. అతని జ్యూరీలో కూర్చున్న ఒకాయన, శిక్ష పడ్డ చాలా ఏళ్లకు, నల్లవాళ్లకు అసలు ఆత్మ ఉంటుందా అన్న అర్థం వచ్చేలా అఫిడవిట్‌లో సంతకం పెట్టాడు. ఎలెవెన్త్ సర్క్యూట్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 2018 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చూడమని వెనక్కి పంపింది. వాళ్లు మళ్లీ చూసి మళ్లీ కాదన్నారు. 2019లో సుప్రీంకోర్టు ఇక పట్టించుకోలేదు. 2020 జనవరిలో ఆయన జైల్లోనే జబ్బుతో చనిపోయాడు. ఆ జ్యూరీ సభ్యుడి మాటల మీద ఒక్క అప్పీలు కోర్టు కూడా పూర్తిగా వాదనలు వినలేదు. మీరు జ్యూరీలో కూర్చున్నవారు. ఆ బల్ల దగ్గర మీ పక్కన అలాంటివాడు కూర్చుని ఉంటే మీ తొమ్మిది రోజుల శ్రమ కూడా మట్టిపాలయ్యేది కదా!

ఇంకొకటి చెప్తాను. ఇది సర్టిఫికెట్ గురించి కాదు గానీ ఈ అప్పీళ్లు ఎంత సన్నటి దారం మీద వేలాడతాయో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఒహాయోలో బోల్స్ అనే ఖైదీ హేబియస్ పిటిషన్‌ని కొట్టేశారు. అప్పీలు గడువు దాటిపోయింది. గడువు తిరిగి తెరవమని అడిగితే జడ్జి 2004 ఫిబ్రవరి 10న సరేనని, ఫిబ్రవరి 27 దాకా టైమిచ్చాడు. బోల్స్ ఫిబ్రవరి 26న వేశాడు. జడ్జి చెప్పిన తేదీకి ఒక రోజు ముందే. కానీ రూలు ప్రకారం జడ్జి ఇవ్వగలిగింది 14 రోజులే, పొరపాటున 17 రోజులు ఇచ్చాడు. 2007లో సుప్రీంకోర్టు 5-4తో, గడువు గడువే, అప్పీలు చెల్లదు అంది. తప్పు చేసింది జడ్జి. జైల్లో ఉండిపోయింది బోల్స్. నేను ప్రతి ఉత్తరంలో మొదట చూసేది ఆర్డరు మీద తేదీ. ఈ కేసు చదివినప్పటి నుంచి అలవాటైపోయింది.

వడపోత వద్దని నేను అనడం లేదు, జ్యూరర్ గారూ. పసలేని అప్పీలును పై కోర్టు రెండు పేజీల్లో కొట్టేయొచ్చు, ఇప్పుడూ కొట్టేస్తోంది. కానీ అది అప్పీలుగా తీసుకుని కొట్టేయడం. ఎందుకో రాయాల్సి వస్తుంది. రాయాల్సి వస్తే చదవాల్సి వస్తుంది.

కర్నూలు లా స్టూడెంట్:

సుధక్కా, పూర్తిగా తీసేయడం కాంగ్రెస్‌లో జరిగే పని కాదనిపిస్తోంది. దానికంటే చిన్న మార్పు ఒకటి ఉంది. జడ్జీల మధ్యే అభిప్రాయభేదం ఉంటే సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని పెట్టాలి.

2023లో మిస్సోరీలో జానీ జాన్సన్ కేసు దీని గురించే. మతి స్థిమితం లేనివాడికి మరణశిక్ష అమలు చేయకూడదు అన్నది అతని వాదన. ఎయిత్ సర్క్యూట్‌లో ముగ్గురు జడ్జీల బెంచ్ శిక్షను ఆపింది. పూర్తి బెంచ్ కూర్చుని దాన్ని రద్దు చేసి, సర్టిఫికెట్ లేదు పొమ్మంది. ఆ పూర్తి బెంచ్‌లోనే కొందరు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో సోటోమయోర్, కేగన్, జాక్సన్ ముగ్గురూ విభేదించారు. అయినా ఆగస్టు 1న శిక్ష అమలైంది. పరీక్ష ఏమిటి? ఆలోచించగల జడ్జీలు రెండు రకాలుగా వాదించుకోగలరా అన్నది. ఇక్కడ జడ్జీలు నిజంగానే వాదించుకున్నారు. ఇంకేం రుజువు కావాలి?

జ్యూరర్ నం. 7:

అతను చంపింది ఆరేళ్ల పాపను. దాన్ని చెప్పకుండా ఆ కేసు చెప్పకూడదు.

కర్నూలు లా స్టూడెంట్:

నిజమే అన్నా. చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పు. నేను అడిగేది అతన్ని వదిలేయమని కాదు. ఆ పాప తల్లిదండ్రులకు కూడా, కోర్టు పూర్తిగా విని శిక్ష అమలు చేసిందని చెప్పగలగాలి.

కృష్ణలంక సుధ:

మా థర్డ్ సర్క్యూట్‌లో స్థానిక రూలు ఇదే తమ్ముడూ. ముగ్గురిలో ఒక్క జడ్జి సరే అన్నా సర్టిఫికెట్ వస్తుంది. చాలా చోట్ల అలా లేదు. అంటే ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, ఏ రాష్ట్రంలో అరెస్టయ్యాడన్న దాన్ని బట్టి అప్పీలు దొరకడం దొరకకపోవడం.

జ్యూరర్ నం. 7:

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. వడపోత ఉండాలన్న నా మాట మారలేదు. కానీ మీరు చెప్పినవాటిలో రెండింటికి నా దగ్గర జవాబు లేదు. ఒకటి, కారణం రాయకుండా కాదనడం. నేను జ్యూరీలో ఉన్నప్పుడు మాకు ఒక్క ప్రశ్న మీద నాలుగు గంటలు పట్టింది. ఒక మనిషి శేషజీవితం మీద ఒక పేరా రాయడానికి కోర్టుకు టైము లేదంటే నేను ఒప్పుకోను. రెండోది, ప్రభుత్వానికి అక్కర్లేని గేటు. ఆ తల్లి నన్ను అడిగినా, ప్రభుత్వానికి ఒక రూలు, ఖైదీకి ఒక రూలు న్యాయమే అని నేను చెప్పలేను. ఒక్క జడ్జి సరేనంటే చాలన్న రూలు అన్ని చోట్లా పెడితే నేను దానికి ఓటేస్తాను. పూర్తిగా తీసేయడానికి మాత్రం వేయను.

హన్మకొండ వకీలు:

అక్కడితో నేనూ సరే. నాకు మాత్రం కారణం రాయడమే అన్నిటికంటే ముఖ్యం. కొట్టేసినా సరే, ఎందుకో రాయాలి. క్లయింటు ముఖం చూసి చెప్పాల్సింది మేము కదా.

రేపల్లె:

క్షమించాలి, మీ చర్చ మధ్యలో వస్తున్నాను. నిన్నటి నుంచి చదువుతూనే ఉన్నాను. మా అన్నయ్య అమెరికాలో ఫెడరల్ జైల్లో ఉన్నాడు, డబ్బుకు సంబంధించిన కేసు. ఆరేళ్లయింది. అమ్మకు ఆరోగ్యం బాగోలేదు, వీసా రాలేదు, ఎవరం వెళ్లలేకపోయాం. 2255 వేశాడు, కొట్టేశారని ఫోన్‌లో చెప్పాడు. చివర్లో సర్టిఫికెట్ ఇవ్వడం లేదని రాసుందట. జైల్లో తోటివాళ్లు అంతా అయిపోయింది, ఇక ఏం చేసినా దండగ అన్నారట. అన్నయ్య కూడా వదిలేశాడు. నిజంగా అయిపోయినట్టేనా? రాత్రంతా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక సుధ:

అమ్మా, అయిపోలేదు. ముందు ఆర్డరు మీద తేదీ చెప్పండి.

రేపల్లె:

మార్చి 3 అని చెప్పాడండీ. ఈ రోజు ఏప్రిల్ 9.

కృష్ణలంక సుధ:

అయితే టైముంది. జాగ్రత్తగా చదవండి. 2254 కింద రాష్ట్ర ఖైదీలకు 30 రోజులే. మీ అన్నయ్యది 2255, అందులో ఎదుటి పక్షం అమెరికా ప్రభుత్వం కాబట్టి 60 రోజులు. మార్చి 3 నుంచి లెక్కేస్తే మే 2. ఆ తేదీ దాకా ఆగొద్దు, ఈ వారమే పంపించాలి.

అన్నయ్య చేయాల్సింది ఒక్కటే. శిక్ష వేసిన డిస్ట్రిక్ట్ కోర్టుకు 'నోటీస్ ఆఫ్ అప్పీల్' అని ఒక్క పేజీ. పేరు, కేసు నంబరు, ఫలానా తేదీ ఆర్డరు మీద సర్క్యూట్ కోర్టుకు అప్పీలు చేస్తున్నానన్న ఒక వాక్యం, సంతకం, తేదీ. జిల్లా జడ్జి సర్టిఫికెట్ ఇవ్వకపోయినా సర్క్యూట్ కోర్టును అడిగే హక్కుంది. విడిగా అడగకపోయినా ఆ నోటీసునే వాళ్లు సర్టిఫికెట్ కోసం అడిగినట్టు తీసుకుంటారు. అయినా విడిగా రాయడం మంచిది. 31 పేజీల వాదన అక్కర్లేదు. ఏ ఒక్క విషయం మీద ఇంకో జడ్జి వేరేలా ఆలోచించొచ్చో అది రాయాలి. అన్నీ కలిపి రాస్తే ఏదీ కనపడదు.

ఇంకో మాట. కవరు పోస్టులో పడేయడం కాదు, జైలు మెయిల్‌రూమ్‌లో లీగల్ మెయిల్ అని చెప్పి ఇవ్వమనండి. ఇచ్చిన రోజే వేసినట్టు లెక్క, కోర్టుకు ఎప్పుడు చేరినా సరే. 1988 నుంచి సుప్రీంకోర్టు రూలు అది. అందుకే కింద, ఫలానా తేదీన మెయిల్‌రూమ్‌లో ఇచ్చానని ప్రమాణపూర్వకంగా ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. కాపీ ఒకటి దగ్గర ఉంచుకోమనండి. జైల్లో జిరాక్స్ దొరక్కపోతే చేత్తో ఇంకోటి రాసుకోమనండి.

నేను లాయర్‌ని కాదని మళ్లీ చెప్తున్నాను. ఆ జిల్లాలో ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు ఉంటుంది, అక్కడికీ ఒక ఉత్తరం రాయమనండి. కానీ జవాబు వచ్చేదాకా నోటీసు ఆపొద్దు.

జ్యూరర్ నం. 7:

చెల్లెమ్మా, ఫోన్‌లో చెప్పేటప్పుడు కేసు నంబరు అంకెలు రెండుసార్లు తిరిగి చదివించుకోండి. జైలు ఫోన్‌లో సరిగా వినపడదు. ఒక్క అంకె తప్పయితే ఇంకో ఫైలులోకి పోతుంది.

రేపల్లె:

అన్నీ కాగితం మీద రాసుకున్నానండీ. మే 2 అని పైన పెద్దక్షరాలతో రాశాను. అన్నయ్య నుంచి ఫోన్ ఆదివారం పొద్దున్న వస్తుంది, పది నిమిషాలే ఉంటుంది. ఈసారి అమ్మను పక్కన కూర్చోబెట్టి, ముందు నోటీసు వాక్యం చదివి రాయిస్తాను. మిగతా కబుర్లు ఆ తర్వాత.